ఫస్టియర్ కెమిస్ట్రీ క్లాసులో ప్రయోగాలు చేసి చూపిస్తే పిల్లలకు నిజంగా అర్థమవుతుందా?

ఈ ఏడాది నుంచి బీఎస్సీ ఫస్టియర్‌కి కెమిస్ట్రీ చెప్పబోతున్నారనీ, క్లాసులోనే ప్రయోగాలు చేసి చూపిస్తే ఫలితం ఉంటుందా, సిలబస్ వెనకబడుతుందా అనీ అడిగారు. నేను పదకొండేళ్లుగా ఫస్టియర్‌కే చెబుతున్నాను. ఫలితం ఉంటుంది. అయితే ప్రయోగానికి ముందు రెండు నిమిషాలు ఏం చేస్తారన్నదే ముఖ్యం.

మొదటి రెండేళ్లు నేను చాలా చూపించాను. సోడియం ముక్క నీళ్లలో వేస్తే క్లాసంతా చప్పట్లు. పరీక్షలో అదే చర్యను కాస్త తిప్పి అడిగితే సగం మంది రాయలేకపోయారు. చాలా బాధేసింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ బృందం ఫిజిక్స్ క్లాసుల్లో గమనించి 2004లో ప్రచురించిన విషయం తర్వాత చదివాను. ప్రయోగాన్ని ఊరికే చూసినవాళ్లకీ అసలు చూడనివాళ్లకీ అర్థం కావడంలో పెద్ద తేడా లేదట. ఏం జరుగుతుందో ముందే ఊహించి, తర్వాత చూసినవాళ్లకు మాత్రం బాగా అర్థమైందట.

అప్పటినుంచి ఏం జరుగుతుందో, ఎందుకో ప్రతి ఒక్కరూ నోట్సులో ఒక వాక్యం రాశాకే అగ్గిపుల్ల గీస్తున్నాను.

ఉదాహరణకి కొవ్వొత్తి ప్రయోగం. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి పెట్టి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. మంట ఆరిపోయి నీళ్లు లోపలికి ఎగబాకుతాయి. ఎందుకని అడిగితే, ఇంటర్లో మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా "ఆక్సిజన్ అయిపోయింది సార్, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి" అంటారు. సరే, మూడు కొవ్వొత్తులు పెడితే? గ్లాసు అదే, గాలీ అంతే కాబట్టి నీళ్లు అంతే ఎత్తుకు వస్తాయని రాస్తారు. చూస్తే ఇంకా పైకి వస్తాయి. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

ఒక ఏడాది చివరి బెంచీ అమ్మాయి లేచి, "సార్, వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదల్లేదు, ఆరిపోయాకే లేచాయి" అంది. పాఠమంతా ఆ మాటలోనే ఉంది. మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, నీటి ఆవిరి ద్రవంగా మారుతుంది, బయటి పీడనం నీళ్లను లోపలికి నెడుతుంది. కొవ్వొత్తులు ఎక్కువైతే వేడీ ఎక్కువే. తర్వాత బోర్డు మీద లెక్క వేయించాను. మైనంలో ఒక కార్బన్‌కి సుమారు రెండు హైడ్రోజన్లు. ఒకటిన్నర పాళ్లు ఆక్సిజన్ ఖర్చయితే ఒక పాలు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆక్సిజన్ 21 శాతం నుంచి దాదాపు 16కి తగ్గేసరికే మంట ఆరిపోతుంది. అంటే దానివల్ల తగ్గే ఘనపరిమాణం రెండు శాతం కూడా ఉండదు! మైకేల్ ఫారడే 1860-61లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు ఆరు ఉపన్యాసాలు ఒక్క కొవ్వొత్తి మీదే ఎలా ఇవ్వగలిగాడో నాకు ఆ రోజు తెలిసింది.

సిలబస్ గురించి టెన్షన్ వద్దు. వారానికి ఒక ప్రయోగం, పదిహేను నిమిషాలు చాలు. వాయువు వేడెక్కితే వ్యాకోచిస్తుంది, చల్లబడితే కుంచించుకుంటుంది అనే చార్లెస్ నియమానికి ఆ ఏడాది నేను విడిగా క్లాసు తీసుకోలేదు.

జాగ్రత్తల్లో మాత్రం రాజీ పడకండి. ముందురోజు సాయంత్రం ల్యాబ్‌లో ఒకసారి చేసి చూసుకోండి. లవణాల రంగు మంటల కోసం బల్ల మీద మిథనాల్ పోసి వెలిగించే పద్ధతి జోలికి అస్సలు పోవద్దు. విద్యార్థులు తీవ్రంగా కాలిన ప్రమాదాలు జరిగాక, దాన్ని మానేయమని అమెరికన్ కెమికల్ సొసైటీ భద్రతా కమిటీ 2014లోనే చెప్పింది. లవణ ద్రావణంలో రాత్రంతా నానబెట్టిన సన్నని చెక్కపుల్లల్ని బర్నర్ మంటలో పెడితే అవే రంగులు కనిపిస్తాయి.

మొదటి క్లాసుకి కొవ్వొత్తులే తీసుకెళ్లండి. మూడూ ఒకే ఎత్తువి, గ్లాసు పొడుగ్గా ఉండాలి. నీళ్లలో రెండు చుక్కల సిరా కలిపి, వెనక తెల్లకాగితం పెట్టి, ఫోన్ కెమెరాని ప్రొజెక్టర్‌కి కలిపితే నీళ్లు ఎప్పుడు లేచాయో చివరి బెంచీకి కూడా కనిపిస్తుంది.