ఎస్ట్రావెన్ వచ్చాడా, వచ్చిందా, వచ్చారా?

ప్రశ్న: చదివిన సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకాల మీద ఏళ్ల తరబడి నోట్సు రాసుకునేవాళ్లు ఉన్నారా? దానివల్ల ఉపయోగం ఏమన్నా ఉంటుందా, లేక చదవడానికి ఉన్న కాస్త టైమ్ కూడా అందులోనే పోతుందా?

ఉన్నాం. నేను పందొమ్మిదేళ్లుగా రాస్తున్నాను. పద్నాలుగు నోటుబుక్కులు నిండాయి, పదిహేనోది సగంలో ఉంది. టైమ్ పోతుందా అంటే పోతుంది. ఆ టైమ్‌లో ఇంకో వంద పుస్తకాలు చదివి ఉండేవాణ్ణి, అందులో అనుమానం లేదు. అయినా రాయమనే చెబుతాను. ఒక్క షరతు మాత్రం ఉంది: రాసింది ఎప్పుడూ దిద్దకూడదు. అభిప్రాయం మారితే తారీఖు వేసి కింద ఇంకోటి రాయాలి. పైదాన్ని కొట్టేయకూడదు, ఆ పేజీ చింపకూడదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే ఒక పుస్తకంతో నాకు జరిగింది చెప్పాలి.

అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1969లో రాసిన ‘ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ నేను నోట్సు మొదలుపెట్టిన రెండో ఏడు చదివాను. చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. గెథెన్ అనే గ్రహం, ఎటు చూసినా చలి, మంచు. అక్కడి మనుషులు మామూలు రోజుల్లో ఆడా కాదు, మగా కాదు. ఇరవై ఆరు రోజులకొకసారి కొద్దిరోజులు మాత్రం ఏదో ఒకటి అవుతారు, ఏది అవుతారో వాళ్ల చేతిలో లేదు. పిల్లల్ని కన్న తల్లి తర్వాత ఇంకో బిడ్డకు తండ్రి కూడా కావచ్చు. అలాంటి చోటికి బయటి గ్రహాల కూటమి తరఫున గెన్లీ ఐ అనే దూత ఒంటరిగా వస్తాడు. అక్కడి ఒక దేశానికి ప్రధాని ఎస్ట్రావెన్. దూతకు సాయం చేస్తున్నట్టే ఉంటాడు, ఏదీ తేల్చి చెప్పడు. (ఎస్ట్రావెన్‌కు ‘ఉంటాడు’ అని రాస్తున్నాను, ఆ సంగతికి మళ్లీ వస్తాను.)

ఇక్కడినుంచి కథ బయటపడిపోతుంది. చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోయి, పుస్తకం అయ్యాక రండి.

అప్పట్లో సగం చదివాక నేను రాసుకున్న నోట్సు అక్షరం మార్చకుండా ఇస్తున్నాను: “సగం అయింది, ఏమీ జరగలేదు. ఊరేగింపు, భోజనాలు, మర్యాదలు. ఎస్ట్రావెన్ సూటిగా ఒక్క మాట చెప్పడు. వీణ్ణి నమ్మడానికి లేదు. చివర్లో దెబ్బ కొట్టేది వీడే, చూస్తూ ఉండు.” ‘చూస్తూ ఉండు’ కింద రెండు గీతలు.

పదకొండేళ్ల తర్వాత ఆ పుస్తకం మళ్లీ చదివాను. ఈ మధ్యలో అది నాకు ప్రాణమైన పుస్తకాల్లో ఒకటైపోయింది. ఎస్ట్రావెన్ అంటే మొదటిపేజీ నుంచీ ఇష్టమని స్నేహితులకు చెప్పేవాణ్ణి, అది నిజమనే నమ్మేవాణ్ణి. రెండోసారి పూర్తిచేసి, ఆ రాత్రే పాత నోటుబుక్కు తీశాను. ఆ నాలుగు లైన్లు చూసి ఎంతసేపు అలాగే కూర్చున్నానో తెలియదు. ఇష్టం కాదు సరికదా, నమ్మకం కూడా లేదు. ఆ పదకొండేళ్లూ నా జ్ఞాపకం నాకే అబద్ధం చెప్పింది.

తర్వాత ఇంకోటి అర్థమైంది. ఎస్ట్రావెన్‌ను నమ్మనివాడు పుస్తకంలోనే ఒకడున్నాడు, కథ చెబుతున్న గెన్లీయే. ఆ నెమ్మదిలో, ఆ లౌక్యంలో అతనికి ఆడతనం కనిపిస్తుంది, కనిపించిన ప్రతిసారీ దాన్ని కపటం కింద జమకడతాడు. అంతా తలకిందులయ్యాక ఇద్దరూ ఒక బండి లాక్కుంటూ మంచుమైదానం దాటతారు. వారాల తరబడి ఒకే గుడారంలో ఉంటారు. ఎస్ట్రావెన్‌లో ఉన్న ఆడమనిషిని తాను చూడనంటూ ముఖం తిప్పుకున్నానని, భయమే అందుకు కారణమని గెన్లీకి అక్కడ తెలిసొస్తుంది. అప్పటికి చాలా ఆలస్యం. చివరికి అతని పని నెరవేరడం కోసం ప్రాణం పోగొట్టుకున్నది ఎస్ట్రావెనే.

అంటే నేను రాసుకున్న ఆ నాలుగు లైన్లు అచ్చం గెన్లీ చేసిన తప్పే. పాఠకుడు ఆ తప్పు చెయ్యాలనే రచయిత్రి కథను అతని నోట చెప్పించింది. నేను చేశాను, నా చేతిరాతలో సాక్ష్యం ఉంది. మొదటిసారి పుస్తకం అయిపోగానే వెనక్కి వెళ్లి ఆ నోట్సును “ఎస్ట్రావెన్ గొప్ప పాత్ర” అని సవరించి ఉంటే ఈ సంగతి నాకు జన్మలో తెలిసేది కాదు.

ఇప్పుడు ‘ఉంటాడు’ సంగతి. నేను నోట్సు తెలుగులోనే రాస్తాను. మొదటిసారి ఆలోచించకుండా “ఎస్ట్రావెన్ వచ్చాడు” అని రాసేశాను. రెండోసారి కలం ముందుకు సాగలేదు. ‘వచ్చాడు’ అంటే మగవాడైపోతాడు. ‘వచ్చింది’ అంటే ఆడమనిషి, లేకపోతే మనిషే కాదు. ‘వచ్చారు’ అంటే ఆడా మగా తేడా పోతుంది, హమ్మయ్య అనుకున్నాను. దర్బారు అధ్యాయాల్లో అది చక్కగా సరిపోయింది కూడా, ప్రధాని కదా. కానీ మంచులో, ఒకే స్టవ్ ముందు ముడుచుకుని కూర్చున్న మనిషిని ‘గారు’ పెట్టినట్టు ‘వచ్చారు’ అంటే ఆ దగ్గరతనమంతా పోయింది. సర్వనామానికి ‘తను’ ఉంది, అది ఎవరికైనా పనికొస్తుంది, కానీ దాని పక్కన క్రియ పెట్టగానే గుట్టు బయటపడుతుంది. విచిత్రం ఏమిటంటే, కొన్ని అధ్యాయాల్లో ఈ గొడవే లేదు, ఎందుకంటే అవి ఎస్ట్రావెన్ సొంతంగా రాసుకున్న రోజువారీ రికార్డు. ‘నేను వచ్చాను, నేను చూశాను’ అన్నప్పుడు మన భాషలో ఆడా లేదు, మగా లేదు. ఆ మంచులో పడుకునే ముందు రోజూ డైరీ రాసే మనిషి ఎస్ట్రావెన్. మొదటిసారి చదివినప్పుడు అది నా కంటికే ఆనలేదు.

మూడు రోజులు దీనితోనే కుస్తీ పట్టాను. నాలుగో రోజు రాసిన పేజీ చూస్తే వాక్యాలన్నీ ‘లేదు’తో ఆగాయి. “ఎస్ట్రావెన్ అబద్ధం చెప్పలేదు. గెన్లీని వదిలి పోలేదు. తన సంగతి చూసుకోలేదు.” కావాలని రాసినవి కావు. ‘లేదు’ అన్నచోట క్రియకు ఆడా మగా ఉండవు కాబట్టి చెయ్యి తనంతట తానే అటు పోయింది. ఆ పాత్ర గురించి ఇంతవరకు నేను రాసినవాటిలో బాగున్నవి ఆ మూడు వాక్యాలే.

ఇంగ్లీషులో లెగ్విన్‌కూ ఇదే ఇబ్బంది వచ్చింది. నవలంతా మగ సర్వనామమే వాడింది, దానిమీద విమర్శలు వచ్చాయి. అదే గ్రహం మీద నడిచే ఒక పాత కథను 1975లో సంకలనంలో వేసినప్పుడు గెథెన్ వాళ్లందరికీ ఆడ సర్వనామం పెట్టి, ‘రాజు’ అన్న మాటను మాత్రం అలాగే ఉంచింది. 1976లో ఒక వ్యాసం రాసి, కొత్త సర్వనామం పుట్టించి భాషను పాడుచెయ్యనని గట్టిగా వాదించింది. 1987 నాటికి అభిప్రాయం మారింది. అప్పుడు ఏం చేసిందో చూడండి. పాత వ్యాసాన్ని తీసేయలేదు, దిద్దలేదు. దాన్ని ఉన్నదున్నట్టుగా ఉంచి, ఎక్కడెక్కడ తన మనసు మారిందో ఆ పక్కనే కొత్త వ్యాఖ్యలు చేర్చి అచ్చు వేయించింది. నా షరతు ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

టోల్కీన్ కూడా దాదాపు ఇదే చేశాడు. 1937లో ‘ద హాబిట్’ మొదటి ముద్రణలో గొల్లమ్ అనే గుహలో బతికే జీవి, కథానాయకుడు బిల్బోతో వేసుకున్న పొడుపుకథల పందేనికి తన మాయ ఉంగరాన్ని తనే బహుమతిగా పెడతాడు. తర్వాతి పెద్ద నవల ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’కు అది పొసగదు. అందుకని 1951 ముద్రణలో ఆ అధ్యాయాన్ని మార్చాడు, కానీ పాత కథనాన్ని మాయం చెయ్యలేదు. అది అప్పట్లో బిల్బో చెప్పిన అబద్ధం అని కథలోనే కలిపేశాడు. పాత తప్పు కొత్త కథలో ఒక భాగమైంది.

ఎలా రాయాలని మీరు అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేను. నక్షత్రాలు వెయ్యకండి. ఐదుకి నాలుగు అని రాసుకున్నవి నా మొదటి నోటుబుక్కులో నలభై దాకా ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా ఇవాళ నాకేమీ చెప్పడం లేదు. కథ సంక్షేపమూ అనవసరం, పుస్తకం తెరిస్తే కథ అక్కడే ఉంటుంది. సగంలో ఆగి, ఎవరిమీద అనుమానం ఉందో, తర్వాత ఏమవుతుందనుకుంటున్నారో రాయండి. ఫాంటసీ అయితే, మంత్రం వేసినవాడు దానికి ఏం చెల్లించుకుంటున్నాడో రాయండి. ఏమీ చెల్లించకపోతే అదీ రాయండి, ఆ రచయిత తర్వాతి పుస్తకం కొనాలో వద్దో దాన్నిబట్టి తెలిసిపోతుంది.

ఇంకో సంగతి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. సైన్స్ ఫిక్షన్ అనగానే “ఎన్ని ముందే ఊహించారో చూడండి” అని లెక్క మొదలుపెడతారు. ఆర్థర్ క్లార్క్ పేరు ఎత్తితే చాలు, 1945 వ్యాసంలో సమాచార ఉపగ్రహాలను ఊహించాడంటారు. నిజమే. భూమితో సమంగా తిరిగే కక్ష్యలో మూడు కేంద్రాలుంటే లోకమంతా ప్రసారాలు అందించవచ్చని లెక్కకట్టి చూపించాడు. భూమధ్యరేఖకు పైన ఒకేచోట నిలిచినట్టుండే అలాంటి కక్ష్యలోకి మొదటి ఉపగ్రహం చేరింది 1964లో. కానీ క్లార్క్ ఆ కేంద్రాల్లో మనుషులు ఉంటారనుకున్నాడు, రేడియో వాల్వులు (బల్బుల్లా ఉండే గాజు గొట్టాలు) కాలిపోతే మార్చడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. ట్రాన్సిస్టర్ ఇంకా పుట్టలేదు. ఆ వాల్వు మార్చే మనిషి గురించి ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం ఆ వ్యాసం తలుచుకుంటే కళ్లముందు కనబడేది అతనే. 1945 ఎలా ఉండేదో తెలిసేది అతనివల్లే.

ప్రస్తుతం లెగ్విన్ ‘తెహాను’ మూడోసారి చదువుతున్నాను. ‘ఎర్త్‌సీ’ అనే ఆవిడ ఫాంటసీ వరసలో మూడో పుస్తకం 1972లో వచ్చింది, నాలుగోదైన ఇది 1990లో. మంత్రశక్తి పోయిన మాంత్రికుడు గెడ్ ఇందులో మామూలు మనిషిగా బతకాలి. మొదటి నోట్సులో “గెడ్‌కు అన్యాయం చేసింది, ఎందుకు రాసిందో ఈ పుస్తకం” అని ఉంది. తొమ్మిదేళ్ల తర్వాతి నోట్సులో “ఈ వరసలో అన్నిటికంటే నిజమైనది ఇదే” అని ఉంది. నిన్న రాత్రికి సగం అయింది. పుస్తకం మూసి, తారీఖు వేసి, పై రెండిటిలో దేనివైపు ఉన్నానో ఇంకా తేలలేదని రాసి పడుకున్నాను.