గిటార్ కొనేముందు ఒకసారి తెనాలి రా

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బీపీ గురించీ, మీ వీధిలో కుళాయి నీళ్ళ గురించీ చాలాసేపు మాట్లాడి, పెట్టేసే ముందు "నీ మేనకోడలు గిటార్ నేర్చుకుంటుందట, విన్నావా" అంది. కంప్లయింట్ చేస్తున్నట్టే అంది కానీ, అక్కయ్య గొంతు నాకు తెలియదా, లోపల మురిసిపోతోంది. నేనూ మురిసిపోయాను. తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. నీ చేతులే కళ్ళముందు మెదిలాయి.

ఇరవై ఏళ్ళుగా కత్తెర పట్టిన కుడిచెయ్యి. బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని నిరుడు డాక్టర్ చెప్పాడు. ఎడమ చూపుడువేలికి కుట్టుమిషను సూది గోరులోంచి దిగిన దెబ్బ, దాని కొస ఇప్పటికీ మొద్దుగానే ఉంటుందన్నావు. పక్క రెండు వేళ్ళ చివరి కణుపుల మీద బుడిపెలు లేస్తున్నాయని సంక్రాంతికి వచ్చినప్పుడు నేనే చూశాను. ఇన్ని తెలిసీ చెబుతున్నాను, నేర్చుకో. 46 ఏళ్ళకి ఎందుకని ఎవరైనా అంటే మా మామయ్య కూడా అదే వయసులో మళ్ళీ మొదలుపెట్టాడని చెప్పు. ఆ సంగతి కిందకి వస్తుంది.

ముందు గిటార్ మాట. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనకు. స్టీలు తీగలవి వద్దు, నైలాన్ తీగలది తీసుకో. ఆరు స్టీలు తీగలు కలిసి గిటార్‌ని సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. నైలాన్ తీగలది అందులో దాదాపు సగం. ఆ తేడా అంతా నీ వేళ్ళకే తెలుస్తుంది. అయితే నైలాన్ గిటార్‌కి మెడ వెడల్పుగా ఉంటుంది, నీ చెయ్యేమో చిన్నది. కాబట్టి ముప్పావు సైజు అడుగు. పిల్లల గిటార్ అని షాపువాడు అంటే అననీ. కస్టమర్ కొలతని బట్టి జాకెట్టు కుట్టేదానివి, సాధనం మనిషికి సరిపోవాలని నీకు నేను చెప్పాలా.

కొన్నాక నా దగ్గరికి తీసుకురా. కొత్త గిటార్లకి తీగలు చాలాసార్లు కావలసిన దానికంటే ఎత్తులో ఉంటాయి. గిటార్ ఒంటి మీద తీగలు కట్టే చోటుని బ్రిడ్జి అంటారు, దాని మీద ఒక తెల్లటి బద్ద ఉంటుంది, దాన్ని బయటికి తీసి అడుగున గరుకు కాగితంతో అరగదీస్తే తీగలు కిందికి దిగుతాయి. పన్నెండో ఫ్రెట్, అంటే మెడ మీద అడ్డంగా ఉండే పన్నెండో లోహపు మెట్టు, దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే బద్ద రెండు మిల్లీమీటర్లు అరగాలి. ఎక్కువ అరిగితే తీగ ఫ్రెట్లకి తగిలి జీరగా మోగుతుంది, మళ్ళీ కొత్త బద్ద వెయ్యాలి. అందుకే నువ్వు చెయ్యొద్దు, నేను చేస్తాను. తర్వాత ఆరు తీగలనీ రెండు మెట్లు కిందికి శ్రుతి చేసి, రెండో ఫ్రెట్ మీద కేపో, అదే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్పు, బిగిద్దాం. శ్రుతి మామూలుగానే ఉంటుంది, తీగలు మెత్తబడతాయి, ఫ్రెట్లూ దగ్గరవుతాయి.

వాయించే ముందు గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు చేతులు ఉంచు. ఒక్కసారికి పది నిమిషాలు చాలు, రోజుకి మూడుసార్లు కూర్చో. మణికట్టు వంచకు.

ఇక అసలు సంగతి. ఇది నేను మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

1985లో నాకు 32 ఏళ్ళు. ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాణ్ణి. వినాయక చవితి వస్తే ఊరూరా పందిళ్ళు, రాత్రికొక ప్రోగ్రాం. ఆ ఏడు పండక్కి పది రోజుల ముందు, ప్రోగ్రాం అయ్యి లూనా మీద వస్తుంటే కాలవకట్ట మీద గేదె అడ్డం వచ్చింది. పడ్డాను. పడేటప్పుడు ఎడమచెయ్యి నేలకి ఆనించాను. ఉంగరంవేలు మధ్య కణుపు దగ్గర వాచిపోయింది. ఎముక విరగలేదు కానీ, వేలిని చాపే స్నాయువు తెగింది. డాక్టర్ వేలు నిటారుగా ఉండేలా బద్ద కట్టి, ఆరు వారాలు కదపొద్దన్నాడు. ఒక్కరోజు కూడా విప్పొద్దని రెండుసార్లు చెప్పాడు.

పదో రోజున విప్పేశాను.

ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. మా ఆర్కెస్ట్రా వాళ్ళు ఇంకొకర్ని పిలుస్తామన్నారు కూడా. నా చోట ఇంకొకడు కూర్చుంటాడన్న మాటే నేను తట్టుకోలేకపోయాను. డాక్టర్ సరేనన్నాడని మీ అత్తయ్యకి అబద్ధం చెప్పాను. రాత్రికి నూటయాభై రూపాయలు, తొమ్మిది రాత్రులు. సాయంత్రం నొప్పి మాత్ర వేసుకోవడం, వాయించడం, ఇంటికొచ్చి చెయ్యి దుప్పట్లో దాచుకోవడం. మాత్ర వేసుకుంటే నొప్పి తెలిసేది కాదు. తెలియకపోతే దెబ్బ మానుతోందని అనుకున్నాను. మానడానికి నేను టైమే ఇవ్వలేదు.

ఆ పండక్కి మీ అమ్మ నిన్ను తీసుకుని మా ఇంటికొచ్చింది. నీకు ఆరేళ్ళు. మూడో రాత్రో నాలుగో రాత్రో, నేను వచ్చేసరికి నువ్వు మేలుకునే ఉన్నావు. ఇంట్లో అందరి దగ్గరా దాచినదాన్ని నువ్వు చూసేశావు. నా వేలు పట్టుకుని, మోకాలు కొట్టుకుపోతే మీ అమ్మ నీకు ఊదినట్టే ఉఫ్ ఉఫ్ అని ఊదావు. "తగ్గిందా మామయ్యా" అన్నావు. తగ్గిందన్నాను. నీకది గుర్తుండదు. నేను మర్చిపోలేదు.

దీపావళికల్లా ఆ వేలు మధ్యలో వంగిపోయింది. చాపుదామంటే రాదు. డాక్టర్ చూసి తిట్టలేదు, కాసేపు ఏమీ అనలేదు. అది మరీ కష్టంగా అనిపించింది. వేలు ఇప్పటికీ అలాగే ఉంది, పుట్టుకతో వచ్చిందేమో అని నువ్వు చిన్నప్పుడు ఒకసారి అడిగావు కూడా. గిటార్ తీసుకెళ్ళి గోడకి తగిలించాను. తీగలు తుప్పుపట్టి ఒక్కొక్కటే తెగిపోయాయి. పద్నాలుగేళ్ళు దాన్ని ముట్టుకోలేదు. మునుపటిలా వాయించలేనప్పుడు అసలు వాయించడమెందుకు అనుకున్నాను. వేలు పాడుచేసుకోవడం ఒక తప్పయితే, ఈ పద్నాలుగేళ్ళూ ఇంకా పెద్ద తప్పు.

1999లో ఒక స్నేహితుడు క్యాసెట్ తెచ్చి వినిపించాడు. జాంగో రైన్‌హార్ట్ అని, ఫ్రాన్స్‌లో ఉండే జిప్సీ గిటారిస్టు. 1928లో వాళ్ళు ఉండే బండి అంటుకుని, ఎడమచేతి ఉంగరంవేలు, చిటికెనవేలు ముడుచుకుపోయాయి. అప్పుడతనికి 18 ఏళ్ళు. మిగిలిన రెండు వేళ్ళతో ఆ పరుగులన్నీ వాయించాడని స్నేహితుడు చెబితే నేను నమ్మలేదు. క్యాసెట్ తిప్పి మళ్ళీ విన్నాను. ఆ రాత్రే గోడ మీది గిటార్ దింపాను. ఇంకొకాయన టోనీ అయోమీ, ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ వాడు. నీలాగే మెషిన్ దగ్గర పనిచేసేవాడు. 17 ఏళ్ళప్పుడు, రేకుల ఫ్యాక్టరీలో ఆఖరి రోజున కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఎడమచేతి వాటం కావడంతో తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి, నువ్వు కుట్టేటప్పుడు పెట్టుకునే వేలి తొడుగులాంటివి తనే చేసుకుని, వాటికి తోలు అంటించి వాయించాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత శ్రుతి కూడా దించుకున్నాడు. వాళ్ళు నొప్పిని పళ్ళబిగువున భరించి గొప్పవాళ్ళయ్యారని మాత్రం అనుకోకు. చేతికి తగ్గట్టు పద్ధతి మార్చుకున్నారు. నేను చెయ్యనిది అదే.

నీ గురించి భయపడేది ఎందుకంటే, నువ్వు నాలాగే మొండిదానివి. సూది దిగిన రోజు కూడా పెళ్ళివాళ్ళ జాకెట్లు పూర్తి చేసిగానీ హాస్పిటల్‌కి వెళ్ళలేదట. అప్పుడే తిట్టాలనుకున్నాను. ఇప్పుడు తిడుతున్నాను, అలా చెయ్యకూడదు చిట్టీ. నొప్పి మాత్ర వేసుకుని గిటార్ పట్టుకోకు. వాయించిన మర్నాడు పొద్దున కూడా నొప్పి ఉంటే, ముందురోజు ఎక్కువైందని అర్థం. ఆ రోజు మానెయ్, తర్వాత సగమే వాయించు. చెయ్యి తిమ్మిరెక్కినా, సూదులు గుచ్చినట్టున్నా వాయించడం ఆపి డాక్టర్‌కి చెప్పు. ఇంకొకటి, పొద్దున లేచాక వేళ్ళు బిగుసుకుని అరగంటలోపే వదిలేస్తున్నాయా, గంటకి పైగా అలాగే ఉంటున్నాయా? గంట దాటుతూ, రెండు చేతుల కణుపులూ వాస్తుంటే అది మామూలు అరుగుదల కాకపోవచ్చు, కీళ్ళవాపులు చూసే రుమటాలజిస్ట్‌కి చూపించాలి. ఈ ప్రశ్నకి నాకు జవాబు రాయి. దాచకుండా రాయి.

నీ చూపుడువేలి గురించి చాలా ఆలోచించాను. కొస మొద్దుగా ఉంది కాబట్టి ఎంత గట్టిగా నొక్కుతున్నావో నీకు తెలియదు. అవసరానికి మించి నొక్కుతావు, ఆ బలమంతా కణుపుల మీద పడుతుంది. అందుకని చెవిని నమ్ముకో. వేలు ఫ్రెట్‌కి ఆనుకుని వెనకే పెట్టి, ముందు ఊరికే తాకించి మీటు, టప్ మని మూగగా వస్తుంది. కొంచెం కొంచెంగా నొక్కు, స్వరం శుభ్రంగా పలికిన చోట ఆగు. అంతకంటే అక్కర్లేదు. అయ్యాక ఆ వేలి కొస కళ్ళతో చూసుకో, బొబ్బ లేచినా నీకు తెలియదు. ఎడమ బొటనవేలితో మెడని పట్టకారులా నొక్కకు. అప్పుడప్పుడు దాన్ని పూర్తిగా తీసేసి, చెయ్యి బరువుతోనే వేళ్ళని తీగల మీదికి లాగి చూడు. కుడిచేత్తో పిక్, అదే తీగలు మీటే చిన్న బిళ్ళ, పట్టుకోవద్దు, నీ కీలుకి కత్తెరే ఎక్కువ. వేళ్ళతో మీటు.

కార్డుల్లో, అంటే కలిపి మోగించే స్వరాల గుంపుల్లో, ముందు ఇ మైనర్ నేర్చుకో, రెండు వేళ్ళు చాలు. ఎఫ్ కార్డు జోలికి పోకు, చూపుడువేలు మొత్తం తీగల మీద అడ్డంగా పరిచి నొక్కాలి, అది నీకెప్పటికీ రాకపోయినా నష్టం లేదు. కష్టమనిపిస్తే అన్నిటికంటే లావు తీగ నుంచి సన్న తీగ దాకా డి, జి, డి, జి, బి, డి అనే స్వరాలకి శ్రుతి చేసిస్తాను. ఒక్క వేలూ పెట్టకుండా మీటినా జి కార్డు మోగుతుంది. అదీ కుదరకపోతే ఒళ్ళో పెట్టుకుని ఉక్కు కడ్డీ జార్చి వాయించే హవాయియన్ పద్ధతి ఉంది, కడ్డీ నా దగ్గరే ఉంది.

వచ్చే ఆదివారం పొద్దున రైలెక్కి వచ్చెయ్, గిటార్ ఇంకా కొనకపోయినా సరే. ముందు నా గిటార్ మీద నీ చెయ్యి ఎంతవరకు సాగుతుందో చూద్దాం. శనివారం రాత్రి మెషిన్ ముందు కూర్చోకు, పెళ్ళి ఆర్డరున్నా సరే. నిరుడు తీసిన ఎక్స్‌రే కవరు తెచ్చుకో. మీ అత్తయ్య పెసరపప్పు నానబోస్తానంటోంది.

నీ మామయ్య