అమ్మకు వణుకు: చలి వల్లేనా?

ప్రశ్న: మా అమ్మ వయసు 67. నెల్లూరు నుంచి గత నెల బెంగళూరులోని మా ఇంటికి వచ్చారు. తెల్లవారుజామున, సాయంత్రం పూట ఒళ్లంతా వణుకుతోందంటున్నారు. జ్వరం లేదు. షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు. ఇది చలి వల్లేనా, ఏదైనా జబ్బా?

జవాబు: బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడి తెల్లవారుజాము చలి నెల్లూరు వేడికి అలవాటుపడిన ఒంటికి కష్టమే. చర్మం చల్లబడగానే మెదడులోని హైపోథాలమస్ చర్మంలోని రక్తనాళాలను కుదించి, ఒంట్లోని వేడి బయటికి పోకుండా చూస్తుంది. వేళ్లు చల్లబడేది అందుకే. అది చాలకపోతే కండరాలు వాటంతటవే వేగంగా బిగుసుకుంటూ వదులవుతూ వేడి పుట్టిస్తాయి. అదే వణుకు. గట్టిగా వణికితే ఒంట్లో పుట్టే వేడి కొన్ని రెట్లు పెరుగుతుంది. నిజానికి పెద్దవారు చలిలో వణకడం మానేసి మగతగా, మాట తడబడుతూ ఉంటేనే ఎక్కువ భయపడాలి. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

స్వెటర్ వేసి దుప్పటి కప్పాక వణుకు తగ్గితే చాలావరకు చలిదే. కప్పినా ఆగకపోతే అరగంట తరవాత మళ్లీ థర్మామీటర్ పెట్టండి. జ్వరం పెరిగే ముందే వణుకు రావచ్చు. మూత్రంలో మంట ఉందేమో కూడా అడగండి, షుగర్ ఉన్నవారిలో మూత్ర ఇన్ఫెక్షన్లు ఎక్కువ.

మీ ప్రశ్నలో నేను ముఖ్యంగా పట్టించుకున్నది షుగర్ మాత్రల సంగతి. గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడేవారికి భోజనానికీ భోజనానికీ మధ్య విరామం ఎక్కువైతే షుగర్ పడిపోవచ్చు. అప్పుడూ వణుకే వస్తుంది, కాకపోతే చెమట, ఆకలి, గుండెదడ తోడవుతాయి. వణుకుతున్న సమయంలోనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, అంబులెన్స్ పిలవండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకుండా, ఈ రీడింగులను ఆమెను చూసే డాక్టరుకు చూపించండి. ఎప్పుడూ చలిగానే ఉందంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి.

ఆమె పాదాలకు హాట్ వాటర్ బ్యాగ్ మాత్రం పెట్టకండి. షుగర్ వల్ల స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. సాక్సులు చాలు.