గవర్నర్ జనరల్ మీద పరిశోధన చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఫైనల్ ఇయర్. హిస్టరీ, పొలిటికల్ సైన్స్ తన సబ్జెక్టులు. ఎంఏలో చేరి, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బ్రిటిష్ రాజు ప్రతినిధిగా ఉన్న గవర్నర్ జనరల్ పాత్ర మీద పరిశోధన చేస్తానంటోంది. మేమేమో గ్రూప్-2 కోచింగ్‌లో చేర్పిద్దామనుకున్నాం. స్వాతంత్ర్యం వచ్చాక మూడేళ్లు కూడా లేని పదవి గురించి చదివితే ఏం లాభం? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. కానీ మీ అమ్మాయి ఎంచుకున్న విషయం ఈనాటిది కూడా. అసెంబ్లీ పాస్ చేసిన బిల్లును గవర్నర్ ఎంతకాలం తన దగ్గర ఉంచుకోవచ్చన్న వివాదం 2025లో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. రాజ్యాంగంలోని 200వ అధికరణం చుట్టూ తిరిగే ఆ వాదన వెనక్కి వెళ్లి చూస్తే, గవర్నర్ జనరల్ సంతకం దగ్గర తేలుతుంది.

ముందుగా 1947 నాటి భారత స్వాతంత్ర్య చట్టాన్ని అమ్మాయిని స్వయంగా చదవమనండి. మొత్తం 20 సెక్షన్లే. ఒక్కో డొమినియన్‌కు (రాజును అధిపతిగా ఉంచుకుని స్వయంగా పాలించుకునే దేశం) రాజు ఒక గవర్నర్ జనరల్‌ను నియమిస్తాడని ఐదో సెక్షన్ చెబుతుంది. రాజు పేరుతో చట్టాలకు ఆమోదం తెలిపే పూర్తి అధికారం ఆయనదేనని ఆరో సెక్షన్ చెబుతుంది. భారత్, పాకిస్తాన్ రెండూ ఈ ఒక్క చట్టంతోనే బయలుదేరాయి. కానీ నడిచిన దారులు వేరు.

మన దగ్గర మౌంట్‌బాటన్, ఆయన తర్వాత 1948 జూన్ 21 నుంచి రాజాజీ ఆ పదవిలో ఉన్నారు. పాలన నెహ్రూ మంత్రివర్గం చేతిలోనే ఉంది. 1950 జనవరి 26 ఉదయం భారత్ గణతంత్రమైందని రాజాజీయే ప్రకటన చదివారు. కాసేపటికే రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. గొడవ లేకుండా పదవి ముగిసిపోయింది.

పాకిస్తాన్‌లో జిన్నా తానే గవర్నర్ జనరల్ అయ్యారు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న నజీముద్దీన్, 1951లో ప్రధాని అయ్యారు. 1953 ఏప్రిల్‌లో, బడ్జెట్ పాసై ఎక్కువ రోజులు కాకముందే, అప్పటి గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ ఆయన్ని ఇంటికి పంపేశారు. 1954 అక్టోబర్ 24న ఏకంగా రాజ్యాంగ సభనే రద్దు చేశారు. సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ సింధ్ కోర్టుకెక్కి గెలిచారు. 1955లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ఫెడరల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కారణం చూడండి: రిట్ (ప్రభుత్వానికి కోర్టు ఇచ్చే ఆదేశం) జారీ చేసే అధికారాన్ని కోర్టులకిచ్చిన సవరణకే గవర్నర్ జనరల్ ఆమోదం లేదు, కాబట్టి ఆ రిట్ చెల్లదు! జస్టిస్ కార్నీలియస్ ఒక్కరే దీంతో విభేదించారు. ఒక్క సంతకం లేదన్న కారణంతో ఒక దేశం రాజ్యాంగ సభకు కోర్టు రక్షణ లేకుండా పోయింది. ఈ తీర్పు చదివిన విద్యార్థికి 200వ అధికరణం ఎందుకంత ముఖ్యమో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

అందుకే ‘గవర్నర్ జనరల్ పాత్ర’ అని మొత్తం నెత్తికెత్తుకోవద్దని చెప్పండి. ‘బిల్లులకు ఆమోదం: భారత్, పాకిస్తాన్’ అని కుదించుకుంటే ఎంఏ స్థాయికి సరిపోతుంది, ఇంటర్వ్యూలోనూ ధైర్యంగా మాట్లాడగలుగుతుంది. మన ప్రాంతానికి దగ్గరగా కావాలంటే హైదరాబాద్ ఉంది. అప్పటిదాకా ఉన్న ఏర్పాట్లనే కొనసాగించేందుకు కుదిరిన 1947 నవంబర్ 29 నాటి యథాతథ ఒప్పందంపై నిజాంతో పాటు సంతకం చేసింది మౌంట్‌బాటనే. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగే నాటికి ఆ పదవిలో రాజాజీ ఉన్నారు.

ఇక ఉద్యోగాల సంగతి. పీహెచ్‌డీ ఒక్కటే నమ్ముకుని కూర్చోవడం నాకిష్టం లేదు. నెట్ (అధ్యాపక, పరిశోధన అర్హత పరీక్ష)లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది, అప్పుడు పరిశోధన నిశ్చింతగా చేసుకోవచ్చు. రాకపోతే, నా ఉద్దేశంలో మీ అమ్మాయికి బాగా నప్పేది లా. డిగ్రీ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరొచ్చు. రాజ్యాంగ కేసులు వాదించే సీనియర్ల దగ్గర జూనియర్‌గా చేరినప్పుడు, పాత తీర్పులు చదివి అర్థం చేసుకునే అలవాటు ఉన్నవాళ్లకు తప్పకుండా విలువుంటుంది. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం వాళ్లు ఆర్కైవ్స్‌లో ఏడాది డిప్లొమా నడుపుతారు, అదీ చూడండి. సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకుంటే ఈ చదువు నేరుగా పనికొస్తుంది.

గ్రూప్-2 మానేయమనడం లేదు. అందులోనూ పాలిటీ ఉంది కదా. ఎంఏ రెండో ఏడాదిలో, సబ్జెక్టు మీద పట్టు వచ్చాక కోచింగ్‌లో చేర్పించండి. ఇప్పుడే చదువు ఆపించి చేర్పిస్తే రెండూ సగం సగమే అవుతాయి.

ఈ సెలవుల్లో అమ్మాయిని హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఒకసారి తీసుకెళ్లండి. కాలేజీ నుంచి పరిచయ లేఖ, ఆధార్ కాపీ దగ్గర పెట్టుకోండి. పాత ఫైళ్ల ముందు రెండు మూడు రోజులు కూర్చున్నాక కూడా ఇదే చేస్తానంటే, ఎంఏ ఎంట్రన్స్‌కు అప్లై చేయించండి.