వేయిపడగలు నచ్చకపోతే తప్పేం లేదండీ

అందరూ నెత్తిన పెట్టుకునే విశ్వనాథ సత్యనారాయణగారి నవల వేయిపడగలు మీకు సగంలోనే విసుగొచ్చింది, లోపం నాలోనే ఉందా అని అడిగారు. లేదండీ. కథానాయకుడు ధర్మారావు చర్చలు, పేజీలకు పేజీల వర్ణనలు అందరికీ పట్టవు. కథ జరిగే సుబ్బన్నపేట విషయంలో విశ్వనాథవారు కథకంటే ఒక పాత వ్యవస్థ కూలిపోవడాన్నే ఎక్కువ పట్టించుకున్నారు. ఆ వ్యవస్థ మీద మీకు మమకారం లేకపోతే ఆ దుఃఖం తాకదు. అది అభిప్రాయభేదం, చదవడం రాకపోవడం కాదు.

1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ బహుమతిని దీనికీ, అడివి బాపిరాజుగారి నారాయణరావుకీ కలిపి పంచారు. ముందు నారాయణరావు చదివి చూడండి. వేయిపడగల్లో దేవదాసి గిరిక వచ్చే భాగాలు మాత్రం వదలొద్దు, నాకవంటే ప్రాణం! మిగతాది పక్కన పెట్టేయండి. మీ స్నేహితులు అడిగితే నచ్చలేదనే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి.