ఫ్రీగా నేర్పితే కస్టమర్లు పోతారా? కోర్సుగా అమ్మాలా?

మీరు పన్నెండేళ్లుగా బ్లౌజులు కుడుతున్నారు. చంక దగ్గర ముడత రాకుండా కట్ చేసే పద్ధతి మీ చేతికి బాగా పట్టుబడింది. దాన్ని వీడియోలుగా పెడదామనుకుంటే మీ అమ్మగారు "అందరికీ చెప్పేస్తే నీ దగ్గరికి ఎవరొస్తారు" అంటున్నారు. మీ ఆయనేమో "ఊరికే ఎందుకు చెప్పడం, కోర్సు చేసి అమ్ము" అంటున్నారు. ఎవరి మాట వినాలో తేల్చుకోలేకపోతున్నానని రాశారు.

నా మాట ముందే చెప్పేస్తాను. పద్ధతిని దాచకుండా ఫ్రీగా పెట్టండి. రికార్డు చేసిన కోర్సు మాత్రం ఇప్పుడే అమ్మకండి. ఒక మనిషి కుట్టిన బ్లౌజును మీరు చేతిలోకి తీసుకుని, తప్పు ఎక్కడ జరిగిందో చూపిస్తారు చూడండి, డబ్బు ఆ పనికి తీసుకోండి. నేను ఫ్రీగానూ చెప్పాను, అమ్మాను కూడా. అమ్మినప్పుడు దెబ్బతిన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది కదిరి. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి రామమూర్తి నగర్‌లో స్థిరపడ్డాం. నేను చేసేది మగ్గం వర్క్, అంటే గుడ్డను ఫ్రేమ్‌కి బిగించి పూసలు, దారాలతో వేసే ఎంబ్రాయిడరీ. శివాజీనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో నేర్చుకున్నాను. నేర్పిన మాస్టర్‌గారిది బరేలీ, వాళ్లింట్లో తాతల నాటి నుంచి జర్దోసీ (జరీతో వేసే ఎంబ్రాయిడరీ) పనే. ఆయన నోటితో చెప్పడం చాలా తక్కువ. నెల రోజులు ఫ్రేమ్ పక్కన కూర్చుని పూసలు, దారాలు అందించాను. ఆ తర్వాత సూది ఇచ్చారు. ఆయన పట్టుకున్నట్టే పట్టుకున్నాను, ఆయన గుచ్చినట్టే గుచ్చాను. చైన్ కుట్టు మాత్రం పడేది కాదు. దారం తెగేది, లేకపోతే సూది చివర ఉండే కొక్కెం నుంచి జారిపోయేది. ఒకరోజు ఆయన నన్ను నేలమీద కూర్చోమని, ఫ్రేమ్ కిందికి చూడమన్నారు. ఆయన ఎడమ చెయ్యి అక్కడ దారాన్ని చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని, సూది దిగిన ప్రతిసారీ దాని కొక్కేనికి మెలిపెట్టి అందిస్తోంది. పైనుంచి చూస్తే పనంతా కుడిచెయ్యే చేస్తున్నట్టు ఉంటుంది. అసలు పని కింద చెయ్యిది. నెల రోజులు పక్కనే కూర్చుని కూడా అది నేను గమనించలేదు. ఇది ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. పెళ్లిళ్లు ఆగిపోయాయి, చేతిలో ఉన్న ఆర్డర్లన్నీ పోయాయి. ఊరికే కూర్చోలేక ఫోన్‌ని స్టూలుకి కట్టి వీడియోలు తీయడం మొదలుపెట్టాను. సూది ఎలా ఎంచుకోవాలి, గుడ్డను ఫ్రేమ్‌కి ఎంత బిగించాలి, బటర్ పేపర్ మీద డిజైన్‌కి సూదితో రంధ్రాలు పొడిచి, కిరోసిన్‌లో జింక్ పౌడర్ కలిపి గుడ్డతో రుద్ది ఎలా అచ్చు దింపాలి, అన్నీ చెప్పాను. సరుకు ఎక్కడ కొంటానో కూడా చెప్పేశాను. అవెన్యూ రోడ్డులో రాజా మార్కెట్ మెట్లెక్కి పూసలు, కుందన్లు కొనేదాకా తీసిన వీడియో ఇప్పటికీ ఎక్కువ మంది చూస్తారు. మా అత్తగారు మీ అమ్మగారిలాగే భయపడ్డారు. ఆమె భయంలో తప్పేమీ లేదు, ఇంట్లో వచ్చే డబ్బులో సగం ఈ పని మీదే కదా.

కానీ జరిగింది వేరు. పెళ్లి బ్లౌజు కావాల్సిన అమ్మాయి నా వీడియో చూసి సూది పట్టుకోదు. ఆమెకి మూడు వారాల్లో పెళ్లి. ఆమె చూసేది నేను పని శుభ్రంగా చేస్తానా లేదా అని. వెనకవైపు దారాలు వేలాడకుండా ముళ్లు ఎలా వేస్తానో చూపించిన వీడియో చూసి, వైట్‌ఫీల్డ్ నుంచి కారులో వచ్చిన వాళ్లున్నారు. ఇంకొకటి నేను అస్సలు ఊహించలేదు. బేరాలు తగ్గాయి. అంతకుముందు "చేతుల మీద ఇంత చిన్న డిజైన్‌కి నాలుగు వేలా" అని ప్రతి ఒక్కరూ అడిగేవారు. ఒక జత చేతులకి ఇరవై రెండు గంటలు పట్టిందని, ఏ గంటలో ఎంత పని జరిగిందో వీడియోలో చూపించాక ఆ మాట అనేవాళ్లు బాగా తగ్గారు. మన పని కష్టం కస్టమర్‌కి కనబడదు. మనం చూపిస్తేనే తెలుస్తుంది.

ఇక మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పండి. కుట్టుపని ఫ్రీగా నేర్పడం ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. కర్ణాటకలో ధర్మస్థల దగ్గర ఉజిరెలో రుడ్‌సెటి అనే స్వయం ఉపాధి శిక్షణ సంస్థ 1982లో మొదలైంది. మా అనంతపురంలో కూడా దాని శాఖ ఉంది. భోజనం, వసతి పెట్టి మరీ ఉచితంగా శిక్షణ ఇస్తారు, అందులో టైలరింగ్ కూడా ఉంటుంది. చేతివృత్తుల వాళ్ల కోసం 2023 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. అందులో శిక్షణకి వెళ్తే రోజుకు 500 రూపాయలు ఎదురు ఇస్తారు. ఇన్నేళ్లుగా ఇంతమందికి ఊరికే నేర్పినా మంచి టైలర్ దగ్గర పండగ ముందు బ్లౌజు కుట్టించుకోవాలంటే మనం నెల ముందే ఇవ్వాల్సి వస్తోంది. మీ దగ్గర కూడా అంతే అయ్యుంటుంది.

ఇప్పుడు మీ ఆయన మాట. 2022లో నేను ఆ పనే చేశాను. ముప్ఫై వీడియోలు రికార్డు చేసి, 1,499 రూపాయలకి కోర్సు పెట్టాను. ఎక్కువగా రాయలసీమ, తెలంగాణ నుంచి మొత్తం అరవై నాలుగు మంది చేరారు. ఆ వారం ఇంట్లో పండగలా ఉంది. నెల తిరిగేసరికి రాత్రి పదకొండు దాకా వాట్సాప్‌లో జవాబులు రాస్తూ కూర్చున్నాను. "అక్కా, దారం జారిపోతోంది" అని ఫొటో పంపిస్తారు. ఫొటోలో నాకు కనబడేది వదులుగా ఉన్న కుట్టు మాత్రమే. అది ఎందుకు వదులైందో పై నుంచి తీసిన ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు.

కర్నూలు జిల్లా నుంచి ఒకావిడ చేరింది. పాలు పోసిన డబ్బు దాచుకుని కట్టింది. మూడు వారాలు ప్రయత్నించి, "నాకు ఈ చదువు రాదులే అక్కా" అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆమెతో ఫోన్‌ని ఫ్రేమ్ కింద నేల మీద, వెల్లకిలా పెట్టించి వీడియో కాల్ చేశాను. ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. ఆమె దారాన్ని నేను మెలిపెట్టే వైపుకి ఎదురుగా తిప్పుతోంది. సరిచేశాక పది నిమిషాల్లో జానెడు చైన్ కుట్టు వేసింది. నా ముప్ఫై వీడియోల్లో ఎక్కడా ఫ్రేమ్ కింద కెమెరా పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. నాకు మాస్టర్‌గారు చూపించిన ఒకే ఒక్క ముఖ్యమైన సంగతిని, డబ్బు తీసుకున్న మనుషులకి నేను చూపించలేదు. ఆవిడ డబ్బు వెనక్కి ఇచ్చేశాను. ఆమె వద్దంది, నేనే బలవంతంగా పంపాను.

ఆ కోర్సు చివరిదాకా చేసింది పదకొండు మందే. పైగా రెండు నెలలు తిరక్కుండానే ఎవరో ఆ వీడియోలన్నీ టెలిగ్రామ్‌లో 99 రూపాయలకి అమ్మడం మొదలుపెట్టారు. కంప్లైంట్ పెట్టి తీయిస్తే ఇంకో పేరుతో వచ్చేవి. నా వీడియో, నేను గీసిన డిజైన్ మీద 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు నాదే. చైన్ కుట్టు అనే పద్ధతి మీద మాత్రం ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. నాకు బరేలీ నుంచి వచ్చిన మనిషి చూపించారు, ఆయనకి వాళ్ల నాన్న చూపించారు. మీ చంక కటింగ్ కూడా మీకు ఎవరో ఒకరు కొంత చూపించే ఉంటారు, మిగతాది మీరు సాధించుకుని ఉంటారు. వెంటపడి కాపలా కాసుకోవాల్సిన వస్తువుని అమ్మకానికి పెడితే మన మనశ్శాంతి పోతుందని చెప్పడమే నా ఉద్దేశం. ఆ రెండు నెలల టెన్షన్‌లో నేను ఒప్పుకున్న ఆర్డర్లు కూడా ఆలస్యం చేశాను.

తర్వాత ఆ ముప్ఫై వీడియోలూ ఫ్రీగా పెట్టేశాను, ఫ్రేమ్ కింద నుంచి తీసినవి ఇంకో నాలుగు కలిపి. డబ్బు కట్టినవాళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పాను. వాళ్లందరినీ ఒక్కొక్క నెల లైవ్ క్లాసులో ఉచితంగా కూర్చోబెట్టాను. కొందరు వచ్చారు, కొందరు రాలేదు.

ఇప్పుడు నేను డబ్బు తీసుకునేది ఆ లైవ్ క్లాసుకే. ఎనిమిది మందికి మించి తీసుకోను. నెలకి 2,500, వారానికి మూడు రోజులు, మధ్యాహ్నం పిల్లలు స్కూల్లో ఉండే వేళ. ప్రతి ఒక్కరి ఫోనూ ఫ్రేమ్ కిందే ఉంటుంది. వచ్చేవాళ్లలో చాలామంది ఫ్రీ వీడియోలు చూసి, కొంత ప్రయత్నించి, ఒకచోట ఆగిపోయినవాళ్లు. అందుకే మొదటి రోజే సూటిగా అడుగుతారు, నాకూ నేర్పడం తేలిక. ఇంకా, నేను సొంతంగా గీసిన డిజైన్ షీట్లు ఒక్కోటి 80 రూపాయలకి ఇస్తాను. డిజైన్ మీద నేను రాత్రులు కూర్చుంటాను, దాన్ని ఊరికే ఇవ్వలేను. కస్టమర్ల కొలతలు, వాళ్ల కోసమే గీసిన డిజైన్లు మాత్రం ఫ్రీగానూ పెట్టను, అమ్మను. అవి వాళ్లవి.

యూట్యూబ్ డబ్బు గురించి కూడా అడిగారు. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా షార్ట్స్‌కి 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. మామూలు వీడియోల ప్రకటనల్లో మనకి వచ్చే వాటా 55 శాతం. ఖాతాలో 100 డాలర్లు చేరితేనే బ్యాంకుకి పంపుతారు. నాకు ఆ గడప దాటడానికి ఏడాదిన్నర పట్టింది, ఇప్పుడూ అది నెలనెలా రాదు. దాన్ని నమ్ముకుని ఇంటి లెక్క వేసుకోవద్దు. పన్ను గురించి భయపడకండి. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. క్లాసు డబ్బుని ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో మాత్రం చూపించండి, ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంటే చాలు.

ఒకవేళ మీరు కోర్సే అమ్మాలని నిర్ణయించుకుంటే, ముందు ముగ్గురు మనుషులకి అదే పాఠం ఎదురుగా కూర్చోబెట్టి నేర్పండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి. మీకు అలవాటైపోయి మీరే మర్చిపోయిన విషయం అక్కడ బయటపడుతుంది. నేను ఆ పని చేసి ఉంటే కర్నూలు ఆవిడకి ఆ మూడు వారాలు వృథా అయ్యేవి కావు.

డబ్బు కట్టలేని వాళ్లు కూడా మెసేజ్ పెడతారు, దానికి ముందే సిద్ధపడండి. నేను ప్రతి బ్యాచ్‌లో ఒక సీటు ఊరికే ఉంచుతాను. ఎవరికి ఇస్తున్నానో మిగతావాళ్లకి చెప్పను. ఇలా చేయాలని మీకు రూలేమీ లేదు. నాకు మాత్రం అది లేకపోతే మనసు ఒప్పుకోదు.

మొదటి వీడియోని ఆది జాకెట్ నుంచే మొదలుపెట్టండి. ఆది జాకెట్ నుంచి చంక కొలత తీసేటప్పుడు గుడ్డ సాగితే ఎంత తేడా వస్తుందో మీరు రాసిన ఆ రెండు వాక్యాలు నేను ఇంకెక్కడా చూడలేదు. కెమెరాని పైన ఒకటి, బల్ల అంచున ఒకటి పెట్టండి. మగ్గం వేసిన బ్లౌజుని నేను ఇప్పటికీ కటింగ్‌కి బయటే ఇస్తాను, చంక రౌండ్ నాకు కుదరదు. వర్క్ వేసిన గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే చెయ్యి వణుకుతుంది. మీరు లైవ్ బ్యాచ్ మొదలుపెడితే నాకొక సీటు ఉంచండి. డబ్బు కట్టే చేరతాను.