సందేహాలు – సమాధానాలు: డేగా? నాటా? లేయరా?

సందేహం: వీధికుక్కలు తరుముతుంటే మా ప్రహరీ దాటి లోపలికి వచ్చి పడిన ఒక కోడిపెట్టను మా పెరట్లోనే ఉంచుకున్నాం. ఒళ్లంతా ఇటుక రంగు, తోక దగ్గర కొన్ని తెల్ల ఈకలు, పక్కకు వాలిన పెద్ద ఎర్ర జుట్టు, పసుపు కాళ్లు. ముక్కు కొన మొద్దుగా ఉంది. పక్కింటివారు ‘డేగ’ అన్నారు. ఎదురింటివారు ‘నాటుకోడి’ అన్నారు. పాలు పోసే ఆయన ‘లేయర్’ అన్నాడు. వీటిలో జాతి పేరు ఏది? కోడి దొరికిందని వీధి చివర ఒక కాగితం అంటించాలనుకుంటున్నాం. అందులో ‘ఫలానా జాతి’ అని రాయాలా, ‘ఫలానా రకం’ అని రాయాలా? ‘కోడిపెట్ట’, ‘పెట్టకోడి’ – ఏది సరైన రూపం?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మూడింటిలో ఒక్కటీ జాతి పేరు కాదు. డేగ అన్నవారు రంగు చెప్పారు, నాటు అన్నవారు పుట్టుక చెప్పారు, లేయర్ అన్నాయన అది చేసే పని, అంటే గుడ్లు పెట్టడం, చెప్పాడు. కోళ్ల విషయంలో తెలుగువారి వాడుక అంతా ఇంతే. ఫారంకోడి అంటే పెరిగిన చోటు, పందెంకోడి అంటే పెట్టిన పని, బ్రాయిలర్ అంటే కోసుకు తినడానికి పెంచేది. జాతిని సూటిగా చెప్పే మాటలు మన రోజువారీ సంభాషణలో చాలా తక్కువ.

ముందుగా డేగ సంగతి. ఇది కోడిపందేలవారి మాట. వాళ్ల కుక్కుట శాస్త్రంలో ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లుంటాయి: నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ, వీపు మీదా రెక్కల మీదా పసుపు ఈకలున్నది నెమలి, మెడ మీద నలుపూ తెలుపూ కలిసినది పర్ల, నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉన్నది కౌజు, లేత బంగారు రంగుది అబ్రాసు. రంగులు కలిస్తే పేర్లూ కలుస్తాయి: కాకిడేగ, కాకినెమలి. గమనించండి, కాకి, డేగ, నెమలి, కౌజు అన్నీ వేరే పక్షుల పేర్లే. కోడికి మరో పక్షి పేరు పెట్టి ఊరుకోలేదు, ముంగిస అని జంతువు పేరూ పెట్టారు. కొత్తగా వినేవాళ్లు వీటిని జాతులనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఒకే పెట్ట పొదిగిన పిల్లల్లో ఒకటి కాకి, ఒకటి డేగ, ఒకటి సేతువ కావచ్చు. ఒక తల్లి పిల్లలకు మూడు జాతులు అంటగట్టలేం కదా! పైగా ఇవి పుంజులను చూసి పెట్టిన పేర్లు. పెట్టల ఈకలకు అంత మెరుపు, అన్ని రంగులు ఉండవు. డేగపెట్ట అనే వాడుక లేకపోలేదు, అయితే అక్కడ కూడా ‘ఎర్రపెట్ట’ అనే అర్థమే.

ఈ రంగులన్నీ ఎక్కువగా కనిపించేది అసీల్ జాతిలో. ఇది నిజంగా జాతి పేరే. అరబ్బీలో అసీల్ అంటే మేలిమి పుట్టుక గలది. మనం రోజూ వాడే ‘అసలు’ కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. జాతిగుర్రం, జాతికుక్క అన్నట్టే మనవాళ్లు ‘జాతికోడి’ అంటుంటారు. అది అసీల్‌కు మక్కికి మక్కి తెలుగు అనుకోవచ్చు. అసీల్ నిటారుగా నిలబడుతుంది, మెడ పొడవు, కాళ్లు బలం, జుట్టు మాత్రం బఠాణీ గింజలు వరసగా అతికించినట్టు చిన్నగా, నెత్తికి అంటుకుని ఉంటుంది. పక్కకు వాలేంత పెద్ద జుట్టు అసీల్ పెట్టకు ఉండదు. మీ పక్కింటివారి మాటలో ‘అసీల్’ అనే ఉద్దేశం ఉంటే అది ఇక్కడే వీగిపోతుంది.

నాటు అనే మాట నాడు అనే మాటకు చుట్టం. తమిళులు నాట్టుక్కోళి అంటారు. నాటువైద్యం, నాటుసారా లాగే ఇదీ ‘మన ప్రాంతానిది, ఊళ్లో పుట్టింది’ అని చెప్పే విశేషణం. ఒక జాతిని చూపదు. ఆంధ్రప్రదేశ్ నాటుకోళ్లలోనే డంకి, కాళాస్తి, ఘాగస్ అనే వేర్వేరు జాతులు కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థలో నమోదయ్యాయి. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది: శ్రీకాళహస్తి పేరు మీద వచ్చిన జాతిని జనం పలికే ‘కాళాస్తి’ రూపంలోనే నమోదు చేశారు. వ్యావహారిక భాషకు కోళ్ల పట్టికలో దక్కిన గౌరవమిది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియలను కూడా నాటుకోళ్లనే అమ్మేవాళ్లున్నారు. రుచి మాట ఎలా ఉన్నా, మాట మాత్రం తప్పు.

ఇక మీ పెట్ట. నా మొగ్గు పాలాయన వైపే. దానికి కారణం ముక్కు. పంజరాల్లో కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకోకుండా లేయర్ ఫారాల్లో పిల్లగా ఉన్నప్పుడే ముక్కు కొన కత్తిరిస్తారు. అది అలా మొద్దుగానే ఉండిపోతుంది. పెరట్లో పుట్టి పెరిగిన కోడికి ఆ అవసరం రాదు. ఇటుక రంగు ఒళ్లు, మధ్యలో తెల్ల ఈకలు, పెద్ద జుట్టు ఉన్నవి గోధుమరంగు గుడ్లు పెట్టే లేయర్లలో మామూలు. సాధారణంగా రోడ్ ఐలండ్ రెడ్ వంటి ఎర్ర పుంజును తెల్లని పెట్టతో కలిపి వీటిని పుట్టిస్తారు. అలా కలిపితే పెట్టపిల్లలు గోధుమరంగులో, పుంజుపిల్లలు తెలుపుగా పుడతాయి కాబట్టి మొదటి రోజే ఏది ఏదో తేలిపోతుంది. దాదాపు 72 వారాల వయసు దాటి గుడ్లు తగ్గాక ఫారాలవాళ్లు వీటిని మాంసానికి అమ్మేస్తారు. మీదీ అలా అమ్మకానికి తీసుకెళ్లే బండి నుంచి జారి ఉండవచ్చు. గుడ్డు పెడితే పెంకు రంగు చూడండి, గోధుమరంగైతే ఈ అంచనాకు బలం చేకూరుతుంది. పొదుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, లేయర్లలో ఆ గుణం తగ్గిపోయేలా తరతరాలుగా ఎంపిక చేశారు. మన ఊళ్లలో కృత్తికా నక్షత్రాల గుంపును పిల్లలకోడి అంటారు. అలా పిల్లలతో తిరగడం నాటుపెట్టలకే చెల్లింది.

జాతి, రకం విషయానికొస్తే, చిక్కు మన పాఠ్యపుస్తకాలు తెచ్చినది. జీవశాస్త్రంలో జాతి అంటే కోళ్లన్నీ కలిసి ఒకటే. పశుపోషణలో ఒంగోలు జాతి, ముర్రా జాతి అన్నప్పుడు దాని లోపలి విభాగం. రెండూ స్థిరపడిన వాడుకలే, సందర్భం బట్టి అర్థమవుతాయి. రెండో అర్థంలో జాతి అనిపించుకోవాలంటే గుణాలు తరం తర్వాత తరం నిలబడాలి. మీ పెట్ట సంకరం, దాని పిల్లలు దానిలా ఉంటాయన్న హామీ లేదు. అందుకని ‘రకం’ అనడమే నయం. నన్నడిగితే కాగితం మీద ఆ మాట కూడా అక్కర్లేదు. ‘ఇటుక రంగు లేయర్ కోడిపెట్ట దొరికింది’ అని రాయండి. ముక్కు సంగతి రాయకుండా ఉంచుకుంటే, మాదేనని వచ్చినవారిని అడగడానికి ఒక ఆనవాలు మీ దగ్గరుంటుంది.

కోడిపెట్ట, పెట్టకోడి రెండూ సరైన రూపాలే. మొదటిది కోడిలో పెట్ట అని, రెండోది పెట్ట అయిన కోడి అని. మొదటిదే ఎక్కువ వాడుకలో ఉంది. ఉత్త కోడి అన్నా సరిపోయేదే. కూసిందంటే పుంజనీ, గుడ్డు పెట్టిందంటే పెట్టనీ క్రియే చెబుతుంది.